అత్తెసరు పాస్తా

తెలుగు మాటలలో కొన్ని వంటింట్లో పుట్టి, బయటి లోకంలోకి వచ్చాక పరువు పోగొట్టుకున్నాయి. ‘అత్తెసరు’ అటువంటిది. ముప్ఫైనాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి, ఈ మాటను నేను వంటింట్లో కన్నా ఉపాధ్యాయుల గదిలోనే ఎక్కువసార్లు విన్నాను. “వాడివి అత్తెసరు మార్కులండీ” అంటే నూటికి ముప్ఫై అయిదు తెచ్చుకొని గట్టెక్కాడని అర్థం. ఉత్తీర్ణుడయ్యాడే గాని చెప్పుకోదగ్గదేమీ లేదని ధ్వని.

ఆ మాటకు అసలు అర్థం వేరు. బియ్యానికి ఎంత నీరు కావాలో అంతే ఎసరు పెట్టి, గంజి వార్చే పని లేకుండా, ఆ నీరంతా మెతుకులోనే ఇగిరిపోయేటట్లు వండడమే అత్తెసరు. వార్చి వండేవారికి నీటి కొలతతో నిమిత్తం లేదు. ఎసరు ఎక్కువైతే ఎక్కువ గంజి వస్తుంది, అంతే. అత్తెసరు పెట్టేవారికి మాత్రం కొలత చేతిలో ఉండాలి. పాత బియ్యం ఎక్కువ నీరు త్రాగుతుంది, క్రొత్త బియ్యం తక్కువ త్రాగుతుంది. గిన్నె అడుగు మందమా, పలుచనా? మూత సరిగ్గా పడుతుందా? మంట ఎప్పుడు తగ్గించాలి? ఇవన్నీ తెలిసినవారే అత్తెసరు పెట్టగలరు. అంత నైపుణ్యం గల పనిని మనం బొటాబొటి మార్కులకు పేరుగా ఎందుకు పెట్టుకున్నామో నాకు బోధపడదు.

ఈ ఉపోద్ఘాతమంతా ఒక ఇటాలియను వంటకం గురించి అంటే మిత్రులు నవ్వుకుంటారేమో. నవ్వుకున్నా సరే, మిగతాది చదవండి. ఒకే మూకుడులో, ముప్ఫై అయిదు నలభై నిమిషాలలో, పనిదినం రాత్రిపూట చేసుకోగల కోడిమాంసపు పాస్తా గురించి వ్రాయబోతున్నాను. దానికి తెలుగులో పేరు పెట్టమంటే నేను ‘అత్తెసరు పాస్తా’ అనే అంటాను. ఎందుకో మనవి చేస్తాను.

ముందుగా పేర్ల సంగతి. భాష చెప్పినవాళ్ళకు తిండి నోట్లో పెట్టుకునే ముందు దాని పేరు విప్పి చూడడం అలవాటు. ‘పాస్తా’ అంటే ఇటాలియను భాషలో పిండిముద్ద. అంతకు మించిన రహస్యమేమీ లేదు. రూపాన్ని బట్టి రకానికో పేరు పెట్టుకున్నారు వాళ్ళు. స్పగెటి అంటే సన్నని పురికొసలు. ఫర్ఫాల్లె అంటే సీతాకోకచిలుకలు. లింగ్వీనె అంటే చిన్ని నాలుకలు. ఒరెక్కియెత్తె అంటే చిట్టి చెవులు. వెర్మిచెల్లి అంటే, తినేటప్పుడు తలచుకోకూడదు గాని, చిన్న పురుగులు. మా ఇంట వాడేది పెన్నె. నెల్లూరివారు తమ పెన్న అనుకొని సంతోషపడకుందురు గాక! పెన్నె అంటే ఈకలు, ఈకకలాలు. గొట్టాన్ని రెండు కొసలా ఏటవాలుగా కోస్తారు, అచ్చం పూర్వకాలపు ఈకకలం పాళీలాగా. లాటిను భాషలో ఈకకు పేరైన ‘పెన్న’ నుంచే ఇంగ్లీషువారి పెన్ను కూడా వచ్చింది. ఎర్ర సిరా పెన్నుతో ముప్ఫైనాలుగేళ్ళు పత్రాలు దిద్దినదాన్ని, ఇప్పుడు పెన్నెలు ఉడికిస్తున్నాను. ధాతువు మారలేదు.

పాస్తాను మార్కోపోలో చైనానుంచి ఇటలీకి తెచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిలిచే కథ కాదు. అతడు వెనిస్సుకు తిరిగి వచ్చింది 1295లో. అంతకు నూరేళ్ళకు పైగా ముందే, 1154లో, సిసిలీ రాజు రెండవ రోజరు ఆస్థానంలో ఉన్న అల్ ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞుడు తన గ్రంథంలో, సిసిలీలోని త్రాబియా అనే ఊళ్ళో ‘ఇత్రియా’ అనే పిండి తీగలు విస్తారంగా తయారై ఓడలలో దేశాలకు ఎగుమతి అవుతున్నాయని వ్రాశాడు. ఎండబెట్టిన పిండివంట కాబట్టి నెలల తరబడి నిలువ ఉంటుంది. మనవాళ్ళు ఎండలో వడియాలు, వరుగులు పెట్టుకున్నట్లే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇటలీలో పాస్తాతో కోడిమాంసం కలిపి వండడం సాధారణంగా కనిపించదు. వాళ్ళ పద్ధతిలో పాస్తా ఒక వడ్డన, మాంసం తరువాతి వడ్డన. రెండిటినీ ఒకే పళ్ళెంలోకి తెచ్చింది అమెరికా. సుమారు 1880 మొదలు 1920 దాకా నలభై లక్షల మంది ఇటాలియనులు ఈ దేశానికి వలస వచ్చారు. న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతాలు వారికి పెద్ద నెలవులు. సొంత ఊళ్ళో పండుగలకే దొరికిన మాంసం ఇక్కడ మామూలు రోజుల్లో కూడా కొనుక్కోగలిగారు. పళ్ళెం మారింది. వలస వెళ్ళినవారి వంట అంతే, విత్తనం పాతదే అయినా మన్ను క్రొత్తది. ఇదే న్యూజెర్సీలో వేసవిలో పెరట్లో గోంగూర వేసుకొని, దాన్ని ఇక్కడి మాంసంతో వండుకొనే మన తెలుగువాళ్ళకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

నేను ఈ వంటను చూసింది ఇక్కడే, మా అమ్మాయి ఇంట్లో. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే ప్రొద్దు క్రుంకుతుంది. మా అమ్మాయి మందుల సంస్థలో ఉద్యోగం ముగించుకొని, పిల్లవాణ్ణి బడి తరువాతి శిక్షణ నుంచి ఎక్కించుకొని, ఆరింటికి ఇల్లు చేరుతుంది. అప్పటికే బయట అర్ధరాత్రిలా ఉంటుంది. అల్లుడు న్యూయార్కునుంచి రైలు దిగి వచ్చేసరికి ఏడున్నర. నేను వచ్చిన వారంలోనే ఒక మంగళవారం నాడు అది మూకుడును అలాగే తెచ్చి బల్లమీద పెట్టి, “ఇవాళ్టికి ఇంతే అమ్మా” అంది. నా ముఖం వంక చూడకుండా అంది. ఏదో తక్కువ చేశానన్న బెరుకు ఆ గొంతులో ఉంది.

‘ఇంతే’ అనే మాటను విప్పి చూడండి. ‘ఇంత’ మీద అవధారణార్థకమైన ఏకారం చేరింది. ఆ ఏకారం రెండు పనులు చేయగలదు. ‘ఇంతకన్నా లేదు’ అని లోటు చెప్పగలదు. ‘సరిగ్గా ఇంత’ అని కొలత కూడా చెప్పగలదు. మా అమ్మాయి మొదటి అర్థంలో అంది. తిన్న తరువాత నాకు రెండవ అర్థమే సరిపోతుందనిపించింది. పెన్నెలు పంటికి తగిలీ తగలనట్లున్నాయి. రసం ప్రతి గొట్టంలోకీ దూరి ఉంది. కోడి ముక్క మెత్తగా ఉంది, పాలకూర పచ్చగా ఉంది. మూకుడులో చుక్క నీరు మిగలలేదు, అడుగున మాడు లేదు. అది అత్తెసరు. పూర్వార్థంలో అత్తెసరు.

మరుసటి వారం నుంచి ఆ వంట నాకు అప్పగించమన్నాను. ఇప్పుడు వారానికి రెండు మూడు సాయంత్రాలు నాదే వంట. చేసే విధానం ఇది.

ఎముక లేని తొడమాంసం తీసుకుంటాను. రొమ్ముమాంసం త్వరగా ఎండిపోయి పీచులా తయారవుతుంది, తొడ ముక్క కాస్త ఎక్కువసేపు ఉడికినా ఓర్చుకుంటుంది. ఇక్కడ నాకూ మా అమ్మాయికీ మధ్య ఒక చిన్న వాదం నడిచింది. మన ఇళ్ళలో కోడిమాంసాన్ని పసుపూ ఉప్పూ వేసి నాలుగు నీళ్ళలో కడిగితే గాని పొయ్యి ఎక్కించం. ఇక్కడి వ్యవసాయ శాఖ వారు కడగవద్దంటారు. కడిగినందువల్ల సూక్ష్మక్రిములు పోవు సరికదా, నీటి తుంపరలతో పాటు తొట్టికీ గట్టుకూ ప్రక్కనున్న కూరలకూ అంటుకుంటాయట. వాటిని చంపేది వేడి మాత్రమే. ముక్క లోపలి వేడి 74 సెంటిగ్రేడు డిగ్రీలు చేరితే చాలు. దానికొక సూది వంటి ఉష్ణమాపకం కూడా ఉంది. ఆ కారణం నాకు నచ్చింది కాబట్టి ఒప్పుకున్నాను. ముక్కలను శుభ్రమైన కాగితంతో అద్ది తడి తీస్తున్నాను. పసుపు మాత్రం చిటికెడు వేస్తున్నాను. దానికి అది అభ్యంతరం చెప్పలేదు.

తడి తీయడంలో మరొక ప్రయోజనం కూడా ఉంది. వెడల్పాటి మూకుడులో రెండు చెంచాల నూనె బాగా కాగిన తరువాత, ఉప్పూ మిరియాల పొడీ పట్టించిన ముక్కలను ఒక్క వరుసలో పరిచి, మూడు నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. కదపకుండా ఉండడమే కష్టం. మన చేతికి గరిటె త్రిప్పే అలవాటు ఎక్కువ. ముక్క తడిగా ఉంటే ఆవిరిలో ఉడుకుతుంది, పొడిగా ఉంటే వేగి గోధుమవన్నె తిరుగుతుంది. ఆ వన్నెలోనే రుచి ఉంది. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి క్రొత్త రుచులను పుట్టించే ఈ మార్పును 1912లో మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. ఆయన పేరు మీదనే దాన్ని పిలుస్తారు. రొట్టె పైపొరకు, వేపుడు ముక్క అంచుకు వచ్చే ఆ కమ్మదనమంతా అదే.

రెండవ వైపు కూడా వేగాక ముక్కలను తీసి ప్రక్కన పెట్టాలి. మూకుడు అడుగున గోధుమరంగు పొర అంటుకొని ఉంటుంది. దాన్ని కడిగేస్తే వంటలో సగం రుచి పారబోసినట్లే. అందులోనే సన్నగా తరిగిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి మగ్గనివ్వాలి. ఉల్లిపాయ వదిలిన తడికే అడుగు కాస్త వీడుతుంది. ఎండు ఒరిగానో ఆకు ఒక చెంచా, ఎండుమిరప తునకలు అర చెంచా వేసి, టమాటాల డబ్బా ఒకటి రసంతో సహా పోసి, చెక్క గరిటెతో అడుగు గీకాలి. ఆ పొరంతా కరిగి రసంలో కలిసిపోతుంది. చారుకు పోపు ఎలాగో ఈ రసానికి ఆ పొర అలాగ.

టమాటా, మిరప అన్నాను కదా. ఈ రెండూ అమెరికా ఖండాల సొత్తు. కొలంబసు ప్రయాణాల తరువాతనే మిగతా ప్రపంచం చూసింది వీటిని. అల్ ఇద్రీసీ వ్రాసిన పాస్తాకు టమాటా తెలియదు. శ్రీనాథుడు తిన్న కూరలో మిరపకాయ లేదు. మిరియంతోనే కారం తీర్చుకున్న రోజులవి. ఏ దేశపు ‘అసలైన వంట’ అయినా ఎక్కడో ఒకచోట పొరుగువాడి విత్తనం మీద నిలబడినదే.

ఇప్పుడు అసలు ఘట్టం. పాస్తాను మామూలుగా వండే పద్ధతిలో పెద్ద గిన్నెలో నీరు మరిగించాలి. నూరు గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీరు, పది గ్రాముల ఉప్పు అని ఇటలీవారి లెక్క. ఉడికించి వార్చాలి. ప్రక్క పొయ్యి మీద రసం వేరే చేయాలి. ఆ తరువాత రెండూ కలపాలి. వార్చిన నీటినుంచి ఒక గరిటెడు దాచి రసంలో పోస్తారు తెలిసిన వంటవాళ్ళు. ఎందుకంటే ఆ నీటిలో పాస్తా వదిలిన గంజి ఉంటుంది, దానివల్ల రసం చిక్కబడి ముక్కకు పట్టుకుంటుంది. గంజి విలువ తెలిసిన జాతి మరొకటి ఉన్నందుకు నాకు సంతోషం కలిగింది. మా చిన్నతనంలో గంజిలో ఉప్పు వేసుకొని త్రాగేవాళ్ళం, నూలు చీరలకు పెట్టుకునేవాళ్ళం.

ఒకే మూకుడు పద్ధతిలో వార్చడమే లేదు. రసంలోనే పెన్నెలు వేసి, అవి ఉడకడానికి ఎంత నీరు కావాలో అంతే పోస్తాం. ఆ నీటిని పెన్నెలు త్రాగుతాయి. అవి వదిలిన గంజి ఎక్కడికీ పోదు, రసంలోనే ఉండి దాన్ని చిక్కబరుస్తుంది. మీగడ పోసినంత నునుపు వస్తుంది. ఇటలీలో కూడా పాస్తాను బియ్యపు ‘రిజోత్తో’ వలె కొద్దికొద్దిగా ద్రవం పోస్తూ వండే పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో 2013లో మార్తా స్టూవర్టు పత్రిక ప్రచురించిన తరువాత ఈ ఒకే పాత్ర పాస్తా ఇంటింటికీ ప్రాకింది. మనకు మాత్రం ఇది క్రొత్త సూత్రం కాదు. అత్తెసరు అన్నం ఇదే, పులావు ఇదే, ఉప్మా ఇదే. రవ్వకు ఎసరు కొలత తెలిసిన చేతికి పాస్తా కొలత పట్టుబడడానికి రెండు సాయంత్రాలు చాలు. పాస్తా చేసేది కూడా రవ్వతోనే. దురుం అనే గట్టి గోధుమను ముతకగా విసిరిన రవ్వ అది. ‘దురుం’ అన్నా లాటినులో గట్టిదనే అర్థం.

నీరు తెర్లిన తరువాత మంట తగ్గించి మూత పెట్టి, రెండు మూడు నిమిషాలకొకసారి కలుపుతుండాలి. లేకపోతే పెన్నెలు ఒకదానికొకటి అంటుకుంటాయి, అడుగున పడతాయి. పన్నెండు పదమూడు నిమిషాలకు ఒకటి తీసి కొరికి చూడాలి. నడిమిన సన్నని పలుకు మిగిలి ఉండగానే వేగిన ముక్కలను వాటి రసంతో సహా తిరిగి వేసి, మరో మూడు నిమిషాలు ఉంచి, పొయ్యి ఆర్పేయాలి. అప్పుడు రెండు గుప్పిళ్ళ పాలకూర వేసి మూత పెడితే ఆ వేడికే వాడిపోతుంది. మీగడ వేయదలిస్తే అది కూడా చివరనే, మంట ఆర్పిన తరువాతే. మీగడకు బదులు పాలు పోస్తే మరిగే టమాటా పులుపుకు విరిగిపోతాయి. పైన తురిమిన పార్మెజాను చీజు. దాన్ని జున్ను అని వ్రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఈనిన గేదె ముర్రుపాలతో మనం చేసుకునే జున్ను వేరు, ఇది వేరు. అయిదు నిమిషాలు మూత తీయకుండా ఉంచితే మిగిలిన తడి కూడా ఇగిరి వంట ఒక దగ్గరకు వస్తుంది.

కడగవలసినవి ఒక మూకుడు, ఒక గరిటె, ఒక కత్తి, ఒక చెక్క పలక. మూకుడు మా అల్లుడు కడుగుతాడు.

క్రిందటి నెలలో మా దూరపు బంధువు ఒకావిడ చూడవచ్చి, ఈ వంట తిని, బాగుందని అన్న తరువాత కూడా, “అయితే వదినా, రాత్రి భోజనానికి ఇంతేనా? పప్పూ చారూ ఏమీ లేవా?” అంది. ఆవిడ చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కాని మా అమ్మాయి తల వంచుకోవడం నేను చూశాను. ఈ వ్యాసం వ్రాయడానికి ఆ వంచిన తలే కారణం.

నా సాయంకాలాలు ఎలా గడిచాయో చెబుతాను. బడి నాలుగున్నరకు వదిలితే బస్సు పట్టుకొని ఇల్లు చేరేసరికి అయిదున్నర దాటేది. గ్యాసు మా ఇంటికి 1991లో గాని రాలేదు. అంతదాకా కిరసనాయిలు వత్తుల స్టవ్వులు రెండు. ఒకదానిమీద అన్నం, ఒకదానిమీద పప్పు. అవి దిగాక కూర, ఆపైన చారు. ఉదయం వండిన కూర రాత్రికి పనికిరాదని మా అత్తగారి నియమం. ఆవిడ కాలానికి అది నిజమే, అప్పుడు ఇంట్లో మంచుపెట్టె లేదు. మంచుపెట్టె వచ్చాక కూడా నియమం మారలేదు. అందరి భోజనాలూ అయి, గిన్నెలు సర్దుకొని, గట్టు తుడుచుకునేసరికి తొమ్మిదిన్నర. అప్పుడు పిల్లల కాపీపుస్తకాలు ముందు వేసుకునేదాన్ని.

మా అమ్మాయి చిన్నప్పుడు తెలుగు వాచకం పట్టుకొని వంటింటి గుమ్మంలో కూర్చునేది. “అమ్మా, ఈ పద్యానికి అర్థం చెప్పవూ” అనేది. నేను పొయ్యి దగ్గరనుంచే ప్రతిపదార్థం చెప్పేదాన్ని. మధ్యలో పోపు చిటపటమనేది, పాలు పొంగేవి, ఎవరో మంచినీళ్ళు అడిగేవారు. పద్యం సగంలో ఆగేది. ఊళ్ళో నలభైమంది పిల్లలకు గొంతెత్తి పద్యం చదివి వినిపించిన మనిషి తన బిడ్డకు చెప్పింది ఆ పోపు సందులలో మిగిలినంతే. ఇంటర్మీడియటులో అది ద్వితీయభాషగా సంస్కృతం తీసుకుంది. మార్కులు దండిగా వస్తాయని ఆ రోజుల్లో కళాశాలలు చాలావరకు అదే చేయించేవి. తెలుగు పండితురాలి కూతురికి తెలుగు చదువు పదవ తరగతితో ముగిసింది.

ఈ చలికాలంలో అది నాతో, “నాకు పద్యం చదవడం నేర్పవే అమ్మా” అంది. నలభై యేళ్ళ వయస్సులో. ఎప్పుడు నేర్పను? దానికి రోజంతా ఉద్యోగం. శని ఆదివారాలు అంగడి పనులు, బట్టలు, పిల్లవాడి ఆటలు. మిగిలింది పనిదినపు రాత్రి. ఏడున్నరకు వడ్డన అయిపోయి, ఎనిమిదింటికి మూకుడు కడగడం కూడా అయిపోతే, ఎనిమిదిన్నరకు పిల్లవాడు పడుకుంటే, తొమ్మిది దాకా అరగంట దొరుకుతుంది. వారానికి మూడు అరగంటలు. ఆ అరగంటను ఇచ్చింది ఈ ఒక్క మూకుడు.

మేము చదువుతున్నది ఆముక్తమాల్యద. సులువైనది మొదలుపెట్టవచ్చు కదా అని మిత్రులు అనవచ్చు. అది ఏరికోరి అడిగింది. చిన్నప్పుడు గుమ్మంలో సగం విని వదిలేసిన పద్యం అందులోదేనట. విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు ఏ ఋతువుకు తగ్గట్లు ఆ ఋతువులో అతిథులకు భోజనం పెట్టే ఘట్టానికి వచ్చాం. ఎడతెగని వానకాలంలో వలిచిన పప్పు, పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నేయి. కృష్ణదేవరాయలు అంతటి చక్రవర్తి కూర్చొని వరుగుల మాట కూడా మరువకుండా వ్రాశాడంటే, తిండిని గురించి వ్రాయడం చిన్నతనం కాదని నాకు ఎప్పుడూ ధైర్యంగా ఉంటుంది.

మా అమ్మాయి ఆ పద్యం మెల్లగా, తడుముకుంటూ చదివి, అర్థం చెప్పించుకొని, “మరి అంత వంటా ఎవరు చేసేవారమ్మా, రోజూ?” అని అడిగింది. ఆ ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సమాసాలు అడిగినవారున్నారు, ఛందస్సు అడిగినవారున్నారు. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషిని గురించి అడిగిన విద్యార్థి ముప్ఫైనాలుగేళ్ళలో నాకు దొరకలేదు. ఇంటికి వచ్చాక దొరికింది.

అందుచేత మా బంధువుకు నేను చెప్పవలసిన సమాధానం ఇది. విస్తరి నిండా వండే రోజులు ఉన్నాయి, ఉండాలి. సంక్రాంతికి మా ఇంట అరిసెల పాకం దగ్గర ఇప్పటికీ నేనే కూర్చుంటాను. ఆదివారం నాడు కోడికూర, గారెలు చేస్తాం, దానికి పూటంతా పడుతుంది, పట్టనిస్తాం. కాని మంగళవారం రాత్రి ఒక ఉద్యోగస్థురాలు నలుగురికి వేడిగా, కడుపునిండా, మాంసమూ ఆకుకూరా కలిసిన ఒక వంట పెట్టిందంటే, అది తక్కువ వంట కాదు, కొలిచి చేసిన వంట. అందులో పప్పు లేకపోతే లేదు. ఆ పప్పు ఉడికే సమయంలో ఏం జరుగుతున్నదో కూడా లెక్కలోకి తీసుకోవాలి. వంటను మనం కూరల సంఖ్యతో లెక్కపెట్టడం నేర్చుకున్నాం, ఆ తరువాత మిగిలిన సాయంకాలంతో లెక్కపెట్టడం నేర్చుకోలేదు. మిగిలినది ఎవరికి మిగిలింది అన్న ప్రశ్న కూడా వెయ్యాలి.

‘సులభం’ అంటే సుఖంగా లభించేది. ఆ మాటలో తక్కువతనం ఎక్కడా లేదు. మనమే తెచ్చిపెట్టాం.

చేసి చూడదలచినవారి కోసం కొలతలు వ్రాస్తున్నాను. ముగ్గురు పెద్దలకూ ఒక పిల్లవాడికీ చాలుతుంది.

ఎముక లేని కోడి తొడమాంసం 450 గ్రాములు, అంగుళం ముక్కలుగా.
పెన్నె 225 గ్రాములు.
టమాటా ముక్కల డబ్బా ఒకటి, సుమారు 410 గ్రాములది. తాజా పండ్లయితే ఎర్రనివి అయిదారు, సన్నగా తరగాలి.
కోడిమాంసపు రసం గాని నీరు గాని రెండు కప్పులు, అంటే 480 మిల్లీలీటర్లు. దగ్గర మరో అర కప్పు వేడినీరు ఉంచుకోవాలి. పెన్నె ఇంకా పలుకుగా ఉండగానే తడి ఇగిరిపోతే పోయడానికి.
ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, నూనె రెండు పెద్ద చెంచాలు.
ఒరిగానో, ఎండుమిరప తునకలు, మిరియాల పొడి, ఉప్పు. రసం డబ్బాలో ముందే ఉప్పు ఉంటుంది, చూసి వేయాలి.
పాలకూర రెండు గుప్పిళ్ళు, తురిమిన చీజు గుప్పెడు, ఇష్టమైతే మీగడ పావు కప్పు.

మూకుడు పన్నెండు అంగుళాల వెడల్పుది, మూత ఉన్నది అయితే మంచిది. ఇరుకు గిన్నెలో పైవి ఉడకవు, క్రిందివి మెత్తబడతాయి. ఒరిగానో దొరకకపోతే వాము ఆకు రెండు తుంచి వేసినా వాసన దగ్గరగానే వస్తుంది. మా పెరటి వాముమొక్కను తలచుకొని చెబుతున్నాను.

అత్తెసరు అనే మాటను మళ్ళీ వంటింటి అర్థంలో వాడడం మొదలుపెడదామని నా కోరిక. మీ ఇళ్ళలో పనిదినపు రాత్రి ఏది అత్తెసరుగా వండుకుంటారో, అందులో మిగిలిన సమయాన్ని ఎవరు ఏం చేసుకుంటారో తెలియజేయండి. రెండవ ప్రశ్నకు సమాధానం కోసమే ఎక్కువగా ఎదురుచూస్తుంటాను.

ఇప్పటికి సెలవు.